తిరగేసి పట్టిన గిటారు

మొన్న రాత్రి అన్నాల దగ్గర మా జాను “నీ... నీ... నీ...” అని ఆగిపోయింది. ఐదేళ్ల పిల్ల. నోట్లో ముద్ద ఉందేమో అనుకోవచ్చు, పొలమారిందేమో అనుకోవచ్చు. “నీళ్లంట, నీళ్లు” అని పక్కనే కూర్చున్న మా తరుణ్ అందుకుని గ్లాసు జరిపాడు. వాడికి తొమ్మిదేళ్లు. చెల్లెలికి సాయం చేశాననే అనుకున్నాడు. “నోట్లో అన్నం ఎట్టుకుని మాటాడొద్దని ఎన్నిసార్లు సెప్పేను?” అంది మా అత్తమ్మ, మజ్జిగ పోస్తూ. అంతే, ఇంకేమీ జరగలేదు. నేను మాత్రం ఎందుకో పిల్ల మొహంలోకి కాకుండా కంచం పక్కకి చూశాను. కుడిచేత్తో అన్నం కెలుకుతోంది. ఎడమచెయ్యి కనిపించలేదు. దాన్ని తొడకింద పెట్టుకుని, దానిమీద కూర్చుంది. అప్పుడు భయం వేసింది నాకు. ఎందుకంటే అలా కూర్చోవడం నాకు తెలుసు. చెయ్యి తిమ్మిరెక్కి, చీమలు పాకినట్టయి, చివరికి అది మన చెయ్యే కాదన్నట్టు అయ్యేదాకా కూర్చోవడం బాగా తెలుసు.

“చెయ్యి తియ్యమ్మా,” అన్నాను. జాను నాకేసి చూడలేదు. వాళ్ల మామ్మకేసి చూసింది.

మా అత్తమ్మ చెడ్డమనిషి కాదు. పిల్లలకి ఒళ్లు వెచ్చబడితే నాకన్నా ముందు ఆవిడే లేస్తుంది. జాను బడికి వెళ్లడం మొదలుపెట్టాక పెన్సిలూ, చెంచా, దువ్వెనా అన్నీ ఎడమచేత్తోనే పట్టుకుంటోందని మొదట చూసిందీ ఆవిడే. “పుర్రసెయ్యి. మా ఇంటా లేదు, మా పుట్టింటా లేదు. ఎలమంచిలిలో మావోళ్లందర్నీ సూడు, ఒక్కరికుందేటి? ఈ గుంటకి ఎక్కడ్నుంచొచ్చిందో నాకేటీ అంతుపట్టడం లేదు,” అని వారానికి రెండుసార్లయినా అంటుంది. ఆవిడ ఆ మాట అన్నప్పుడల్లా నేను కుళాయి తిప్పుతాను, లేకపోతే గిన్నె మూత తీసి చూస్తాను. ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. పెళ్లయి పదకొండేళ్లు. పదకొండేళ్లుగా ఆ సంగతి దాచి ఊరుకున్నాను.

మా ఆయనకి ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఈ వారం రాత్రి షిఫ్టు. పిల్లలు పడుకున్నాక, బడివాళ్లు అడిగిన జాను జనన పత్రం కోసం సర్టిఫికెట్ల ఫైలు తీశాను. నా డిగ్రీ మార్కుల జాబితాల మధ్య నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. మోటార్లు బాగుచేసే కొట్టు బిల్లు కాగితం, వెనక ఖాళీగా ఉన్న వైపు పెన్నుతో తొమ్మిది గళ్ల బొమ్మలు. ప్రతి గడిలో ఆరు గీతలు, గీతల మీద చుక్కలు. గిటారు నేర్చుకున్నవాళ్లెవరైనా చూస్తే ఇవి కార్డులని, అంటే ఏ తీగని ఎక్కడ నొక్కాలో చూపే బొమ్మలని, గుర్తుపడతారు. కానీ ఈ బొమ్మల్ని చూసి వాయిద్దామంటే ఎవరికీ కుదరదు. అన్నీ తిరగబడి ఉంటాయి. ప్రపంచంలో ఒక్క మనిషి కోసం గీసిన కాగితం అది. ఆ ఒక్క మనిషీ నేనే. మడతల దగ్గర చిరిగిపోతోంది. అది ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. రేపు పొద్దున్నే లేవాలి, కళ్లు మండుతున్నాయి, అయినా రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మేం అప్పట్లో అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక వీధిలో ఉండేవాళ్లం. మా నాన్న ఒక కొట్లో బెల్లం రకం చూసి చెప్పే పని చేసేవాడు. దిమ్మ అంచు గోటితో గీరి, నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, ఇది ఫలానా రకం అనేవాడు. పగలంతా అదే పని కాబట్టి ఇంటికొచ్చాక కాఫీలో కూడా తీపి ముట్టేవాడు కాదు. మా ఇంట్లో తలుపు గడియలు అంటుకునేవి, నోటుపుస్తకాల అట్టలు అంటుకునేవి, నాన్న చొక్కా కొక్కేనికి అంటుకునేది. మంచం కోళ్ల కింద నీళ్లు పోసిన కొబ్బరిచిప్పలు పెట్టేవాళ్లం, చీమలు ఎక్కకుండా. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లిన వాసన వీధంతా పరుచుకునేది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు అది వాసన అని కూడా తెలియదు.

ఇల్లు నడిపింది మా నాన్నమ్మ. తెల్లారగానే గడప మీద కూర్చుని అడ్డపొగ వేసేది, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. అలా ఉన్నంతసేపూ ఆవిడ మాట్లాడేది కాదు, కళ్లతోనే పనులు పురమాయించేది. చుట్ట బయటికి తీసిందంటే ఏదో చెప్పబోతోందని అమ్మతో సహా అందరం చేస్తున్న పని ఆపేవాళ్లం. నేను ఎడమచేత్తో ముద్ద ఎత్తడం మొదట చూసిన రోజు కూడా చుట్ట తీసింది. “ఎడం సేత్తో తింటే అన్నానికి అవమానం. రేపు అత్తోరింట నవ్వుతారే గుంటా,” అంది. కోప్పడలేదు. పాత చీర అంచు చింపి, నా ఎడమ మణికట్టుని లంగా బొందుకి ముడివేసింది. తిన్నాక విప్పి, చెయ్యి నలిపి, ముద్దు పెట్టుకుంది. ఏడాదిన్నరో రెండేళ్లో అలా సాగింది. తర్వాత కట్టాల్సిన పని లేకపోయింది. నేనే తొడకింద పెట్టుకుని కూర్చునేదాన్ని. కుడిచేత్తో రాయడం వచ్చింది, తినడం వచ్చింది. నాకు నత్తి వచ్చింది కూడా దాదాపు అదే కాలంలో.

రెండింటికీ సంబంధం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇవాళ మధ్యాహ్నం ఫోనులో వెతికితే ఒకచోట ఉందన్నారు, ఇంకోచోట అదంతా పాతకాలపు మాటన్నారు, మరోచోట ఐదేళ్ల వయసులో చాలామంది పిల్లలు కొన్నాళ్లు తడబడి మానేస్తారన్నారు. డాక్టరు దగ్గరికి శనివారం వెళ్తాం. నాకు తెలిసిందల్లా, మా ఇంట్లో నా మాటలు సగం నేను చెబితే మిగతా సగం ఇంకొకరు చెప్పేవారు. నేను మొదటి అక్షరం దగ్గర నిలబడిపోగానే అమ్మ అందుకునేది, నాన్న అందుకునేవాడు, బళ్లో పక్కపిల్ల అందుకునేది. పాపం, ప్రేమతోనే. వాళ్లు తప్పుగా అందుకున్నా నేను తల ఊపేదాన్ని, మళ్లీ మొదటినుంచీ ఎక్కడానికి ఓపిక లేక. ఒకసారి దోసకాయ పప్పు కావాలని “దో...” అనబోతే అమ్మ దోసెలు వేసి పెట్టింది. నాలుగు తిన్నాను. అలా నాకు అక్కర్లేనివి ఎన్ని తిన్నానో, ఎన్నింటికి ఒప్పుకున్నానో లెక్కలేదు.

మాకు చేపలు పోలమ్మ తెచ్చేది. పూడిమడక నుంచి పొద్దున బస్సులో గంపతో దిగి, మార్కెట్టు చుట్టుపక్కల వీధులు తిరిగి, మా గడప దగ్గరికి వచ్చేసరికి పది దాటేది. ఆవిడా నాన్నమ్మా తిట్టుకోకుండా ఒక్క చేపా చేతులు మారేది కాదు.

“కళ్లు సూడవే దీనికి, ఎలా లోపలికి పోయేయో. నిన్నటి సేపని ఇయ్యాల్టిదని అమ్ముతున్నావు,” అనేది నాన్నమ్మ.

“నీ కళ్ల కన్నా దీని కళ్లే నయమమ్మా. కళ్లజోడెట్టుకుని సూడు.”

అలాంటి ఒక పొద్దున పోలమ్మ నాకేసి తిరిగి, “ఏ తరగతే గుంటా?” అంది. నేను “తొ... తొ...” అంటున్నాను. నాన్నమ్మ “తొమ్మిది” అనేసింది. పోలమ్మ గంప ఎత్తబోతూ ఆగింది. “నోరు పట్టేత్తందేటి పిల్లకి? మా రాజుగాడి దగ్గరికి అంపు. మోటార్లు బాగుసేత్తాడు, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో పాడతాడు. పాటకి నోరు తిరుగుద్దే అమ్మా. మా ఊళ్లో నత్తోడొకడు పెళ్లిళ్లలో మైకట్టుకుని పాడతన్నాడు. మాటాడమంటే సత్తాడు గానీ పాటైతే నీళ్లలాగ వత్తాది.” నాన్నమ్మ చుట్ట తీసి చాలాసేపు చేతిలో పట్టుకుని ఆలోచించింది. “నేర్పినన్నాళ్లూ సేపలు నీ దగ్గరే కొంటాను,” అంది చివరికి. “ఇప్పుడు మాత్రం ఎవరి దగ్గర కొంటన్నావు?” అని పోలమ్మ నవ్వింది. అలా కుదిరింది నా సంగీతం.

పోలమ్మ చెప్పిన రాజుగాడి, అదే అప్పలరాజు మాస్టారి, కొట్టు ఒక సందు చివర ఉండేది. కాలిపోయిన ఫ్యాన్లు, నీళ్లు తోడే మోటార్లు, చుట్టలు చుట్టలుగా రాగితీగ, వార్నిష్ వాసన. మా వీధి వాసనకి అలవాటుపడ్డ నా ముక్కుకి అది కొత్త లోకంలా అనిపించింది. ఆయన బల్ల మీద ఒక చెక్క అచ్చు బిగించి, దానికి సన్న రాగితీగ చుడుతూ కూర్చునేవాడు. ఎన్ని చుట్లు ఉండాలో అన్నే ఉండాలి, ఒకటి తగ్గినా మోటారు మళ్లీ కాలిపోతుంది. అందుకని చుడుతున్నంతసేపూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవాడు, పలికేవాడు కాదు. నాన్నమ్మ నన్ను తీసుకెళ్లి కూర్చోబెట్టిన మొదటి రోజు పాడమంటే నేను నోరు తెరవలేదు. ఆయన కాసేపు చూసి, మేకుకి వేలాడుతున్న గిటారు దించి నా ఒళ్లో పెట్టాడు. నా ఎడమచెయ్యి తీసి దాని మెడ మీద వేశాడు.

నాన్నమ్మ చుట్ట తీసింది. “ఆగాగు. ఎడం సేత్తో అట్టుకుంటాదేటి?”

“అందరూ అలగే అట్టుకుంటారు పెద్దమ్మా. ఎడం సెయ్యి తీగలు నొక్కుద్ది, కుడి సెయ్యి మీటుద్ది.”

“నొక్కేది కష్టమా, మీటేది కష్టమా?”

మాస్టారు నిజాయితీ గల మనిషి. ఆలోచించి, “నొక్కేదే,” అన్నాడు. దొరికిపోయాడు.

“మరి కష్టమైన పని కుడి సెయ్యి సెయ్యాలి కదా. ఇది సదువుల తల్లి లాంటిది. దాని మెడ ఎడం సేత్తో అట్టుకుంటే మంచిది కాదు. ఎడం సెయ్యిని అలగ ఊరికే గాలికి ఇసురుకోమను.”

“అలాగైతే తీగలన్నీ ఊడదీసి తిరగేసి కట్టాల పెద్దమ్మా. రేపు సబ్బవరంలో పెళ్లుంది, ఇది నేను వాయించాల.”

“తీగలెందుకు ఊడదియ్యడం? గిటారునే తిరగెయ్యి.”

ఆయన బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, “సరే, మోటారు తిరగేసినా తిరుగుద్ది, ఇది తిరగదేటి,” అని గిటారుని నా ఒళ్లో అటుదిటు చేశాడు. మెడ నా కుడిచేతిలోకి వచ్చింది. ఎడమచెయ్యి తీగల మీద ఖాళీగా వాలింది. ఆ చేతికి ఎవరో ఒకరు ఒక పని అప్పగించడం అదే మొదటిసారి. అది పని అని నాన్నమ్మకి తెలియదు.

నేర్చుకోవడం గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. నాలుగు నెలలు తీగలు బరబరమన్నాయి తప్ప పలకలేదు. అందరికీ లావు తీగ పైన ఉంటే నాకు కింద ఉండేది. మాస్టారు చూపించే వేళ్లు నాకు పనికొచ్చేవి కావు. ఆయన కూడా గిటారు తిరగేసి పట్టుకుని, నాలిక పళ్ల మధ్య పెట్టుకుని, ఏ వేలు ఎక్కడ పడుతుందో వెతుక్కునేవాడు. “ఇరవయ్యేళ్ల నుంచి వాయిత్తన్నాను, నీ పుణ్యమా అని మళ్లీ ఒకటో తరగతిలో సేరేను,” అనేవాడు. అలా వెతికి గీసిందే ఈ కాగితం. మొదటి కార్డు ఇ మైనర్, రెండు వేళ్లే చాలు కాబట్టి. తర్వాత జి. దానికి నా చిటికెన వేలు ఎంత సాగదీసినా అందేది కాదు. ఉక్కు తీగలకి వేలికొసలు కోసుకుపోయి, బొబ్బలెక్కి, అన్నంలో చారు పోసుకుంటే చుర్రుమనేది. నాన్నమ్మ బెల్లమూ సున్నమూ కలిపి నూరి పట్టు వేసేది. ఎండి గట్టిపడ్డాక ఆ పట్టుతోనే నొక్కేదాన్ని. ఊడిన బెల్లం తీగల సందుల్లో ఇరుక్కుని, మర్నాడు గిటారు లోపలికి చీమలు బారు కట్టేవి. పెళ్లి స్టేజీ మీద పాట మధ్యలో మాస్టారి మోచేతికి చీమ కుట్టిందట. “మీ ఇంటి బెల్లం పట్టు నా సేతికి తగిలింది,” అని మా నాన్నమ్మకి కబురు పంపాడు.

ఆయన దగ్గర నాకు అన్నిటికన్నా నచ్చింది ఇవేవీ కావు. నేను “మా... మా...” అని మొదలుపెడితే ఆయన అందుకునేవాడు కాదు. అందుకోలేడు, నోట్లో లెక్క ఉంది. తీగ చుట్టుకుంటూ పోయేవాడు. నా మాట గట్టెక్కేసరికి ఆయనకి నలభయ్యో యాభయ్యో చుట్లు అయ్యేవి. అప్పుడు తీగకి గుర్తు పెట్టి, తలెత్తి, “ఆఁ, ఇప్పుడు సెప్పు,” అనేవాడు, అప్పటిదాకా నేనేమీ అవస్థ పడనట్టు. ఆ నలభై చుట్ల సేపు నాకు ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం ఇ మైనర్ నుంచి జికి, జి నుంచి డికి పడుతూ లేస్తూ వెళ్తున్నాను. ఎడమచెయ్యి తనపాటికి తాను పైకీ కిందికీ ఆడుతోంది. నాన్నమ్మ చెప్పినట్టు గాలికి విసురుతోంది. బల్ల మీద కొత్త రంగు మోటారు కనిపించింది. “మాస్టారూ, ఇది ఎవరి మోటారు?” అన్నాను. అన్నాక గాని తెలియలేదు, ఎక్కడా ఆగలేదని. మాస్టారు చెయ్యి ఆపేశాడు. తీగకేసి చూశాడు, నాకేసి చూశాడు. “లెక్క తప్పించేవు కదే,” అని చుట్టిందంతా విప్పడం మొదలుపెట్టాడు. మాట గురించి అస్సలు ఎత్తలేదు. అందుకే మర్నాడు కూడా మాట అలాగే ఆగకుండా వచ్చింది. గిటారు లేనప్పుడు కూడా ఎడమచేత్తో తొడమీద మెల్లగా తాళం వేసుకుంటే మాట జారుతుందని తర్వాత కనిపెట్టాను. ఎవరికీ కనిపించకుండా, పుస్తకం కిందో ఓణీ కిందో. బ్యాంకులో, డాక్టరు దగ్గర, పిల్లల బళ్లో టీచరుతో మాట్లాడేటప్పుడు ఇప్పటికీ అంతే.

నూకాలమ్మ జాతరకి ఆ ఏడు వేరే ఊరి పెద్ద ఆర్కెస్ట్రాని పిలిచారు. నాన్నమ్మ ముందు వరసలో చాప వేసుకుని కూర్చుంది. స్టేజీ మీద ముగ్గురు గిటార్ల వాళ్లు. ముగ్గురూ ఎడమచేత్తోనే మెడ పట్టుకుని ఉన్నారు. ఆవిడ ఒకడి తర్వాత ఒకడిని చూసింది, తర్వాత నా చేతుల్ని చూసింది. మాస్టారు మోసం చేశాడంటుందనుకున్నాను. “ముగ్గురికి ముగ్గురూ తప్పుగా అట్టుకున్నారేటే?” అంది గట్టిగా. వెనకవాళ్లు నవ్వారు. ఇంటికి నడుస్తుంటే మాత్రం నా ఎడమచెయ్యి పట్టుకుని నడిచింది. వీధి మలుపులో ఆగి, “మీటేదే అసలు పనట కదా. రాజుగాడు మొన్న సెప్పేడు,” అంది. “పోన్లే. నోరు తిరిగింది. అన్నం మాత్రం కుడి సేత్తోనే.” అంతకు మించి ఆవిడ దిగి రాలేదు. అంత దిగి వచ్చిందే చాలని అప్పుడు అనుకున్నాను.

తర్వాత పెళ్లిళ్లలోకి డీజే బాక్సులు వచ్చాయి. ఆర్కెస్ట్రాకి పిలుపులు తగ్గాయి. నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా ఒకరోజు కొట్టుకి వెళ్తే మేకు ఖాళీగా ఉంది. గిటారుని చర్చిలో వాయించే కుర్రాడెవరో కొనుక్కున్నాడని చెప్పాడు మాస్టారు, చుట్లు చుట్టడం ఆపకుండానే. ఆ రోజు లెక్క పెడుతున్నట్టు పెదాలు కదిపాడు గాని, లెక్కపెట్టాడో లేదో నాకు అనుమానమే. నేను ఏడవలేదు. అది నాది కాదు కదా. ఈ కాగితం మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

పెళ్లిచూపుల ముందురోజు నాన్నమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టుకుంది. అప్పటికి చూపు బాగా తగ్గింది, చుట్ట మానలేదు. “పుర్రసెయ్యని సెప్పకు. నత్తని సెప్పకు. గిటారని అస్సలు సెప్పకు. పిల్లలు పుట్టేక ఎవరూ అడగరు,” అంది. కాబోయే అత్తగారు పేరడిగితే పైటచెంగు కింద ఎడమచేత్తో తాళం వేసుకుంటూ, ఆగకుండా చెప్పాను. నెమ్మదైన పిల్ల, ఆచితూచి మాట్లాడుతుందని మెచ్చుకున్నారు. రెండేళ్లకి నాన్నమ్మ పోయింది. ఆవిడ చెప్పిన మాట మాత్రం నేను జవదాటలేదు. వంటింట్లో ఒక్కదాన్నే ఉంటే గరిటె ఎడమచేతిలోకి వస్తుంది, అడుగుల చప్పుడు వినగానే కుడిచేతిలోకి వెళ్తుంది. అలసట అంటే నాకు పనివల్ల వచ్చేది కాదనిపిస్తుంది. పదకొండేళ్లుగా ఒక చెయ్యిని దాచడం వల్ల వచ్చేది. మా ఆయన గమనించాడో లేదో తెలియదు. అడగలేదు, నేను చెప్పలేదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని ఆలోచిస్తున్నాను. అప్పుడు మా ఇంట్లో నాకెందుకు నత్తి వచ్చిందని అడిగినవాళ్లు లేరు, ఫోను లేదు, ఆ మాట చెప్పే డాక్టరూ లేడు. ఒక చేపలమ్మే ఆవిడకి తోచింది చేశారు. ఇప్పుడు నాకు అన్నీ తెలుసు, లేదా తెలుసుకోవడానికి చేతిలో ఫోనుంది. మంచం కోళ్ల కింద నీళ్లు అక్కర్లేని ఇల్లు, చదువుకున్న తల్లి. కట్టడానికి ఇప్పుడు చీర అంచు కూడా ఎవరూ చింపలేదు. “బాగోదు” అని రోజూ ఒక మాట, ఎప్పుడైనా “కట్టేత్తాను” అని ఉత్తుత్తి బెదిరింపు, అంతే. పిల్ల తనంతట తానే చెయ్యి మీద కూర్చుంది. మా నాన్నమ్మకి తెలియక కట్టింది. నేను తెలిసీ కుళాయి తిప్పుతున్నాను.

నిన్న రాత్రి ఇంతవరకూ రాసి ఆపాను. ఈ పొద్దున జరిగింది కూడా రాసి పడుకుంటాను.

పిల్లలిద్దరూ హాల్లో ఇడ్లీలు తింటున్నారు. ఆటో రావడానికి ఇంకా టైముంది. అత్తమ్మ పెరట్లో పూజకి పూలు కోస్తోంది. నేను నా కంచం తెచ్చుకుని వాళ్లకి ఎదురుగా కూర్చున్నాను. జాను చెయ్యి మళ్లీ తొడకిందే ఉంది. “మీకొక సంగతి చెప్పాలి,” అని మొదలుపెట్టాను. “నా... నా...” దగ్గర నిలబడిపోయాను. ఎన్నేళ్లయిందో అలా నిలబడి. ఎడమచెయ్యి అలవాటుగా పైటచెంగు కిందికి వెళ్లింది. దాన్ని బయటికి తీసి, మోకాలి మీద, అందరికీ కనిపించేలా తాళం వేశాను. తరుణ్ ఇడ్లీ నమలడం ఆపేశాడు. అందుకోవడానికి వాడికి మాట దొరకలేదు, నేనేం చెబుతానో వాడికి తెలియదు కాబట్టి.

“నాది కూడా ఎడమచెయ్యే,” అన్నాను.

“మరి నువ్వు కుడిచేత్తో రాస్తావు కదా?” అన్నాడు తరుణ్.

“నేర్పించారు.”

జాను కింది పెదవి కొరుక్కుంది. “క... క... కట్టేశారా?”

“కట్టేశారు. మా నాన్నమ్మ. తర్వాత నేనే దానిమీద కూర్చునేదాన్ని. నీలాగే.”

జాను మెల్లగా చెయ్యి బయటికి తీసింది. వేళ్ల మీద చాప గళ్లు అచ్చుపడి ఉన్నాయి. దాన్ని కంచం పక్కన పెట్టి, అది ఎవరిదో అన్నట్టు చూసింది. తరుణ్ పెరటి తలుపుకేసి చూసి గొంతు తగ్గించాడు. “మామ్మకి తెలుసా?”

“తెలీదు.”

“చెప్పొద్దా?”

చెప్పొద్దు అనే మాట పదకొండేళ్లుగా నా నాలిక మీద తయారుగా ఉంది. దానికి మాత్రం నత్తి లేదు. ఆ మాట మింగేసి, మోకాలి మీద చేత్తో మళ్లీ తాళం వేశాను.

“చెప్పండి,” అన్నాను. “మామ్మ రోజూ అడుగుతోంది కదా, ఈ పుర్రచెయ్యి ఎక్కడ్నుంచి వచ్చిందని. అమ్మ దగ్గర్నుంచి వచ్చిందని వెళ్లి చెప్పండి. నేనూ వస్తాను. జాను చెబుతుంది. ఎంతసేపు పట్టినా సరే, తరుణ్, నువ్వు మధ్యలో అందుకోకు.”